డ్రైవరు మూత

ఫిబ్రవరి 9

ఎడమ ట్రాక్ మళ్లీ ఊడింది.

షెడ్డు గచ్చు మీద పెళ్లికొడుకులా నడుస్తుంది. వాకిట్లో ఇసుకలోకి దింపి ఒక్క మలుపు తిప్పానో లేదో, గొలుసంతా చక్రాల మీంచి జారి పక్కకు పడుకుంటుంది. దీని దుంప తెగ. ఆర్మీలో ఇరవయ్యేళ్లు ట్యాంకు తోలి వచ్చినవాణ్ని, దానికి ఆరో వంతు సైజు మోడల్‌ని ఇంటి వాకిట్లో తోలలేకపోతున్నాను.

సీతారాం సాబ్ ఫోన్ చేశారు. సాబ్ అప్పట్లో మా బండికి కమాండరు. ఇప్పుడు పుణె దగ్గర, మ్యూజియాలకు పెద్ద పెద్ద మోడళ్లు చేసిపెట్టే వర్క్‌షాపు ఒకటి చూసుకుంటున్నారు. ట్రాకులూ, వాటిని నడిపే మోటార్ల పనీ తెలిసినవాడు కావాలట వాళ్లకి. "నువ్వు చేస్తున్న బండి ఇసుకలో ఏటవాలు ఎక్కాలి, నిలబడ్డ చోటే గుండ్రంగా తిరగాలి. ఆ వీడియో పంపు చాలు. యజమాని ఏప్రిల్ ఆఖరు దాకా ఆగుతాడు" అన్నారు. ఉద్యోగం, క్వార్టరు, నా చేతికింద ఇద్దరు. హిందీలో చెప్పారేమో, ఇంకా తియ్యగా వినిపించింది.

హేమకి చెప్పాను. "మంచిదే కదా బావా" అంది, ఆరిన బట్టలు మడత పెడుతూ. ఆ "మంచిదే కదా"లో ఏముందో నాకు తెలుసు. మావకి చెప్పలేదు.

ముందు ట్రాక్ నిలబడనీ. తర్వాత చూద్దాం.

ఫిబ్రవరి 11

మావకు గడ్డం గీశాను. కుడి చెంప జారిపోయి ఉంటుంది, వేలితో పైకి లాగి పట్టుకుని గీయాలి. గీస్తున్నంతసేపూ నా కళ్లలోకే చూస్తాడు. ఎటు చూడమన్నా అటు చూడడు.

సన్యాసయ్య మావ అంటే ఒకప్పుడు ఊళ్లో కూర్చున్నవాళ్లు లేచేవారు. మా అమ్మకు సొంత తమ్ముడు. భార్య పోయింది, ఒక్కతే కూతురు, కొబ్బరి తోట, జీడి తోట. నాకు హేమనిచ్చేటప్పుడు ఒకటే అడిగాడు, పింఛను పుచ్చుకున్నాక తన ఇంటికే వచ్చి ఉండాలని. మా రావివలసలో, ఎండల మల్లన్న గుడి ముందు, ఆయన కుడిచేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. సెలవు మీద వచ్చిన కుర్ర సిపాయిని, హేమని తప్ప ఇంకేదీ చూడలేదు. చెయ్యి వేయమంటే కాలు కూడా వేసేవాణ్ని.

వచ్చి మూడేళ్లయింది. పోయిన వానాకాలం తోటలో కొబ్బరికాయలు దింపిస్తూ దింపిస్తూ కుప్పకూలాడు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. మిగిలింది ఒక్కటే, "ఏటి". నీళ్లు కావాలన్నా ఏటి, ఈగ వాలినా ఏటి, అన్నంలో ఉప్పు తక్కువైనా ఏటి. హేమ పొద్దున్నే కాశీబుగ్గ స్కూలుకి పాఠాలు చెప్పడానికి పోతుంది. సాయంత్రం వరకు నేనూ, ఆయనా, ఆ ఏటీ. గాలి పడమటి నుంచి వీచిన రోజున సుమ్మాదేవి స్టేషన్లో ఆగకుండా పోయే రైళ్ల కూతలు వినిపిస్తాయి.

ఆయన మీద నాకేం కోపం లేదు. ఉన్నది రాసుకుంటున్నాను, అంతే.

ఫిబ్రవరి 17

ట్రాక్ లింకులు కొత్తగా పోశాను. పాతవాటి బరువు సరిపోవడం లేదని నా అనుమానం. డ్రమ్ములో జీడితొక్క రాజేసి, బ్లోయరు పెట్టి, లారీ షెడ్డులో దొరికిన పాత పిస్టన్లు కరిగించాను. జీడితొక్క మంట ముందు బొగ్గు ఎందుకూ పనికిరాదు. కాకపోతే ఆ పొగ కళ్లలో పడితే ఏడ్చినవాడి కన్నా హీనం. ఒక్కో పక్క తొంభై పైచిలుకు లింకులు. లింకునీ లింకునీ కలిపే పిన్నులకు సైకిలు ఊచలు కోశాను. లారీ వైపరు మోటార్లు రెండు, ఒక్కో ట్రాక్‌కి ఒకటి. ఒకటి ఆపి రెండోది నడిపితే బండి ఆపిన వైపుకి తిరుగుతుంది. నిజం బండి కూడా అంతే. ట్యాంకుకి స్టీరింగు ఉంటుందని జనం అనుకుంటారు, పాపం.

హేమ వచ్చి నా కళ్లు చూసి, "ఏటైనాది, ఏడిసినావేటి?" అంది.

పొగ అన్నాను. నిజంగా పొగే.

ఫిబ్రవరి 18

మళ్లీ ఊడింది.

ఫిబ్రవరి 24

దొరికింది! ఓరి నా బుర్ర!

తప్పు లింకుల్లో లేదు, స్ప్రాకెట్‌లో ఉంది. ట్రాక్‌ని లాగే ఆ పళ్ల చక్రం నిజం బండిలో ఖాళీలు ఖాళీలుగా ఉంటుంది. నేను నునుపుగా కనబడాలని వాటిని రేకుతో మూసేశాను. ఇసుక లోపలికి పోయి, బయటికి పోయే దారి లేక, పళ్ల మధ్య గట్టిగా దట్టించుకుపోతోంది. అప్పుడు ట్రాక్ పళ్ల మీద కాకుండా ఇసుక మీద కూర్చుంటుంది. కూర్చుంటే బిగుస్తుంది, బిగుస్తే మలుపులో ఎగిరిపడుతుంది. గట్టి నేల రావివలసలో పుట్టినవాడికి సముద్రపొడ్డున ఉన్న ఈ ఉద్దానం ఇసుక బుద్ధి ఎలా తెలుస్తుంది?

రేకులన్నీ ఊడదీశాను. ఆ సంతోషం ఎవరికి చెప్పాలి? మావకి చెప్పాను. స్ప్రాకెట్ తెచ్చి ఆయన ఎడంచేతిలో పెట్టి, ఇసుక పోసి, ఖాళీల్లోంచి రాలడం చూపించాను. "ఏటి" అన్నాడు. మళ్లీ పోయమన్నట్టు చెయ్యి చాపాడు. మళ్లీ పోశాను. పసిపిల్లాడిలా చూశాడు.

మార్చి 2

కొబ్బరాకుల షెడ్డు పగటిపూట ఇంటికన్నా చల్లగా ఉంటుందని మావ నులకమంచం అక్కడే వేశాను, బండి పెట్టిన బల్లకి ఆనించి. ఆయన ఎడమ పక్క బండి. నేను పని చేస్తుంటే చూస్తాడు. మాట్లాడేవాడు లేకపోతే నోరు ఊరుకోదు కదా, పని చేసినంతసేపూ నేనే మాట్లాడుతున్నాను.

ఇవాళ డ్రైవరు మూత బిగించాను. ముందు భాగంలో, సరిగ్గా మధ్యన ఉంటుంది. అరచేతిలో పట్టేంత మూత, చిన్న కీలు. దాని గురించి చెప్పాను ఆయనకి. మూత మీద ఫిరంగి గొట్టం వాలి ఉంటే డ్రైవరు బయటికి రాలేడు మావా, అన్నాను. పైన టరెట్‌లో, అంటే ఫిరంగితో పాటు తిరిగే గూడులో, కూర్చున్నవాడు గొట్టాన్ని పక్కకి తిప్పాలి. రాజస్థాన్లో ఒకసారి బండి ఇసుకలో పొట్ట దాకా కూరుకుపోయింది. కరెంటు పోయింది. పైవాళ్లు దిగి, తాడు కోసం పోయారు. గొట్టం నా నెత్తిమీదే ఉండిపోయింది. అడుగున ఇంకో మూత ఉంటుంది గానీ, కింద ఇసుకే కదా, అదీ తెరుచుకోదు. ఎంత అరిచినా ఎవడికీ వినపడదు. లోపల పెనం మీద కూర్చున్నట్టే. సీతారాం సాబ్ వెనక్కి వచ్చి, చేత్తో తిప్పే పిడి పట్టుకుని, గొట్టాన్ని పక్కకి జరిపేసరికి నాకు ఏడుపు వచ్చేసింది. ఇది ఎవరికీ చెప్పలేదు మావా, హేమకి కూడా.

మావ కుడి కంట్లోంచి నీళ్లు కారాయి. పక్షవాతం వచ్చాక ఆ కన్ను ఊరికే కారుతూనే ఉంటుంది. తుడిచాను.

మార్చి 8

నడిచింది.

ఇసుకలో. ముందుకి, వెనక్కి, ఎడమకి, కుడికి. నిలబడ్డ చోటే చుట్టూ తిరిగింది. ట్రాక్ అంగుళం కదల్లేదు. పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టుకున్నాను, ఎవరూ చూడకుండా.

వీడియో తీసేవాణ్నే. రంగు వేయకుండా పంపితే సాబ్ ఏమనుకుంటారు? రంగు వేసి రేపో ఎల్లుండో తీస్తాను.

మార్చి 12

రంగు వేశాను. గాలికి దుమ్ము అంటుకుంది. గీకి మళ్లీ వేయాలి.

మార్చి 15

హెడ్‌లైట్లు లేకుండా ఏం బాగుంటుంది?

మార్చి 18

సాబ్ ఫోన్. "బండిదే ఆలస్యం సాబ్, నాది కాదు" అన్నాను. ఆయన నవ్వారు. నవ్వాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు.

మార్చి 22

జీడిపిక్కలు రాలడం మొదలైంది. పొద్దున్నే ఆడకూలీలతో కలిసి ఏరాలి, పండు నుంచి పిక్క వొలవాలి, ఎండబెట్టాలి. మావ ఉన్నప్పుడు ఒక్క కేకతో జరిగే పని. నేను రోజంతా వెంటబడినా సగమే అవుతుంది. నన్ను చూసి వాళ్లలో వాళ్లు నవ్వుకుంటారు. మిలట్రీ నాయుడు అని పేరు పెట్టారు నాకు.

ట్రాకులు రెండూ విప్పి పెట్టాను. వీడియో ముందు ఒకసారి పిన్నులన్నీ చూసుకుంటే మంచిది కదా. తొందరపడి నడిరోడ్డులో ఊడితే పరువు పోతుంది. నడిరోడ్డు లేదనుకో, అయినా.

మార్చి 27

హేమతో గొడవ. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, తప్పెవరిదో తర్వాత చదువుకుంటే తెలుస్తుంది.

"బండి నడిసింది కదా బావా. మరి ఈడియో తీయవేటి?"

"ట్రాకులు ఇప్పినాను. సూడాల."

"నడిసే బండికి ఇప్పడమెందుకు?"

"నన్ను తోలీడానికి సూత్తన్నావేటి నువ్వు?"

ఆ మాటతో చేతిలో గిన్నె కింద పెట్టింది. "నిన్ను ఎవులు పట్టుకున్నారు? ఎల్లు. ఎల్లాలని నేకపోతే నేదని సెప్పు. మా నాన్నని మాత్తరం అడ్డం ఎట్టకు."

"నేనెల్లిపోతే ఆయన్ని ఎవులు సూత్తారు? నువ్వా? బడి మానీసి సూత్తావా?"

"ఏదో ఒకటి సేత్తాను. నీకు పుట్టకముందునుంచి నాకు నాన్న."

ఏమన్నదో చూడండి. నాకు పుట్టకముందు నుంచట. కోపం వస్తే టీచరమ్మకి కూడా మాట తిన్నగా రాదు. మామూలు రోజైతే ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం. ఇవాళ ఎవరం నవ్వలేదు.

నేనేమైనా వెళ్లనన్నానా? ఎప్పుడన్నాను?

మార్చి 31

పిక్కలు. ఎండ. పిక్కలు.

ఏప్రిల్ 4

ట్రాకులు పోయాయి.

దాదాపు రెండు వారాల తర్వాత షెడ్డులో బల్ల మీద చూస్తే చుట్ట చుట్టి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తీసి సాగదీయబోతే సాగవు. ఎండుచేపలా బిగుసుకుపోయాయి. ఒక్క లింకూ మడత పడదు. లింకుల సందుల్లో నల్లగా, బంకగా ఏదో దట్టించి ఉంది, పైన గోరుతో గీకితే లక్కలా రాలుతోంది. వాసన చూశాను. జీడి నూనె. జీడితొక్క నుంచి తీసేది. చేతికి తగిలితే పుండ్లు పడతాయి, ఆరితే ఇనుముకీ ఇనుముకీ అతుకు వేసినట్టు అవుతుంది. ఆ నూనె డబ్బా షెడ్డులో మూలన ఉంది. మూత తెరిచి ఉంది. దానికీ మంచానికీ మధ్య నా మూర చాలు.

మావ ఎడంచేతి వేళ్లు చూశాను. నాలుగు వేళ్ల మీదా బొబ్బలు.

ఏమన్నానో రాస్తాను, దాచుకుంటే ఏం లాభం. "పడిపోయింది నువ్వొక్కడివి సాలదేటి మావా? నన్నూ పడీసినావు. నువ్వు కదల్నేవు గాబట్టి నన్నూ కదల్నీవు. సచ్చీదాకా నీ గెడ్డం గీసుకుంటూ ఈ ఇసకలో పడుండాలేటి నేను?"

ఇంకా కూడా అన్నాను. చేతిలో ట్రాక్‌ని గచ్చుకేసి కొట్టాను. వాకిట్లో స్కూటీ ఆపి హేమ వింది.

మావ "ఏటి" అన్నాడు. చాలా చిన్నగా. ఆయన గొంతులో అంత చిన్న ఏటి నేనెప్పుడూ వినలేదు.

ఏప్రిల్ 5

హేమకి ఇప్పుడైనా తెలిసిందిగా, నన్ను ఎవరు పట్టుకున్నారో.

ఏప్రిల్ 6

హేమ మాట్లాడడం లేదు. మావ బొబ్బలకి తనే కొబ్బరినూనె రాసి, గుడ్డ చుట్టింది. అన్నం కూడా తనే పెట్టి స్కూలుకి ఆలస్యంగా పోయింది. నేను గడ్డం గీయబోతే మావ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఏప్రిల్ 7

బొడ్డమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి చేపల గంప పట్టుకుని ఆటోలో వస్తుంది, వచ్చిన ప్రతిసారీ మావ మంచం దగ్గర కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పి పోతుంది. ఆయన ఏటి అంటే ఈవిడకి అర్థమవుతుంది, ఎలాగో మరి.

ఇవాళ షెడ్డులోకి వచ్చి నన్నే అడిగింది. "ఏటి బావు, సెయిన్లకి తుప్పు ఆగినాదా?"

"ఏ సెయిన్లు?"

"అయ్యే, ఈ బండి సెయిన్లు. నువ్వు తోటలో పిక్కలేరుకుంటన్నావు గదా. సముద్రపు గాలికి తుప్పట్టేత్తన్నాదని మావ నాకు సూపించినాడు. సెయిన్లు సూపిత్తాడు, నూనె డబ్బా సూపిత్తాడు, ఏటి ఏటి అంటాడు. నాకు తెలదేటి? మా పడవకి ఏటేటా రాసీదే గదా. ఒక పక్క నాను రాసినాను, ఒక పక్క ఈయనే రాసినాడు ఒంటిసేత్తో. ఒద్దు మావా, సెయ్యి పొక్కిపోద్ది అంటే ఇన్నాడా? రాసినాక ఎండకి ఎట్టినాను, పడవకి ఎట్టినట్టే. నాలుగొర్సాలు తుప్పు రాదు బావు, నాను జామీను."

నేను ట్రాకులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.

"మీ అల్లుడు దీన్నట్టుకుని దేశం ఎల్తాడంట గదా మావా అంటే, ఒకటే నవ్వు," అంది. "మూతి ఒంకరైనా నవ్వు నవ్వే గదా."

చెక్క పడవకి రాసే నూనె అది. చెక్క కదలదు. ఆ గట్టిదనమే దానికి మంచిది. పిన్నులో తిరగాల్సిన లింకుకి రాస్తారని నేను కలలో కూడా అనుకోను. ఆ ఊళ్లో వాళ్లు తప్ప ఇంకెవరూ రాయరు. తుప్పు పట్టకుండా. నా బండికి. నేను పోతానని తెలిసి. ఆయనకి ఎవరు చెప్పారు? హేమ చెప్పి ఉంటుంది.

బొడ్డమ్మకి చేప డబ్బులివ్వడం మర్చిపోయాను, ఆవిడా అడగలేదు.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇంతకన్నా ఏం రాయను.

ఏప్రిల్ 8

పొద్దున్నే మావ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "తప్పైపోనాది మావా" అన్నాను. ఆయన గోడ వైపు తిరిగే ఉన్నాడు. కాసేపటికి ఎడంకాలితో నా భుజం మీద ఒక్క తాపు తన్నాడు. గట్టిగానే తన్నాడు. తర్వాత గడ్డం పైకెత్తి చూపించాడు, గీయమని.

గీశాను. ఎక్కడా తెగలేదు.

ఏప్రిల్ 14

పిన్నులు ఒక్కొక్కటే కొట్టి తీస్తున్నాను. కిరసనాయిలులో నానబెట్టి, వేడి చేసి, సన్నటి మేకు పెట్టి సుత్తితో. మావ ఎడంచేత్తో లింకు కదలకుండా బల్ల అంచుకి అదిమి పట్టుకుంటాడు. గుడ్డ చుట్టిన చెయ్యి. వద్దంటే ఏటి అంటాడు, ఆ ఏటికి ఎదురు చెప్పడం ఎవరి తరం? పడిపోకముందు కూలీల మీద వేసిన ఏటి అది.

ఒక్కో లింకూ పట్టుకోవడం, కొట్టడం, ఊడడం. మాట్లాడుకోం. ఇంత ప్రశాంతంగా ఈ ఇంట్లో ఎప్పుడూ లేను.

హేమ టీ తెచ్చి ఇద్దరి మధ్యనా పెట్టింది. "ఇద్దరు పిల్లలు దొరికినారు నాకు" అంది. మాట్లాడినట్టే లెక్క.

ఏప్రిల్ 21

మావని కుర్చీలో కూర్చోబెట్టి జీడిచెట్టు కిందకి మోసుకెళ్లాం. ఇసుక కుప్ప పోసి, పాత తలుపు రెక్క దానికి ఆనించి ఏటవాలు చేశాను. హేమ ఫోను పట్టుకుని నిలబడింది.

ఎక్కింది. మెల్లగా, ముక్కు పైకెత్తి, లింకు లింకూ తలుపు మీద టకటకమంటూ. శిఖరం మీద ఒక్క క్షణం తూగి, కిందికి దిగింది. ఇసుకలో నిలబడ్డ చోటే చుట్టూ తిరిగింది, స్ప్రాకెట్ ఖాళీల్లోంచి ఇసుక ధారగా రాలుతోంది. మావ కుర్చీ చేతి మీద అరచేత్తో కొట్టి "ఏటీ!" అని అరిచాడు. కొమ్మ మీద కాకులు లేచిపోయాయి.

హేమ నా ఫోనుకి పంపింది. బాగా వచ్చింది. రేపు సాబ్‌కి పంపేస్తాను.

ఏప్రిల్ 22

సిగ్నల్ లేదు.

ఏప్రిల్ 23

సిగ్నల్ ఉంది. కానీ ఎండలో తీయడం వల్ల రంగు కొంచెం తెల్లగా పడింది. ఇంకోసారి తీస్తేనో?

ఏప్రిల్ 24

బండిని షెడ్డులో బల్ల మీద ఎప్పటిలాగే పెట్టాను, గొట్టం ముందుకి, డ్రైవరు మూత మీదుగా. టరెట్‌కి ఇంకా మోటారు పెట్టలేదు, చేత్తోనే తిరుగుతుంది. మధ్యాహ్నం తోట నుంచి వచ్చి చూస్తే గొట్టం పక్కకి తిరిగి ఉంది. డ్రైవరు మూత తెరిచి ఉంది.

పిల్లి అనుకున్నాను. గొట్టం ముందుకి తిప్పి, మూత మూసేశాను.

ఏప్రిల్ 25

మళ్లీ పక్కకి. మూత మళ్లీ తెరిచి ఉంది.

పిల్లి మూత తెరుస్తుందా? మావ నిద్రపోతున్నాడు, కళ్లు మరీ గట్టిగా మూసుకుని. తిప్పి, మూసేశాను.

ఏప్రిల్ 26

మళ్లీ. మళ్లీ మూశాను. మళ్లీ గొట్టం తెచ్చి దాని మీద పెట్టాను.

రెండు సార్లు తెరిచి కూడా చూశాను వీడియో. పంపే బొత్తం మీద వేలు పెట్టాను. మావ మందుల టైము అయింది. లేచాను.

ఏప్రిల్ 27

ఇవాళ తోటకి పోయినట్టు పోయి, షెడ్డు వెనక నిలబడ్డాను. కొబ్బరాకుల సందులోంచి చూశాను, దొంగలా.

మావ మంచం మీద ఒరిగి, ఎడంచెయ్యి చాపాడు. వేళ్ల చివర్లు గొట్టానికి అందాయి. తోశాడు. కాస్త తిరిగింది. చెయ్యి వాల్చేసి, రొప్పాడు. మళ్లీ చాపాడు. మళ్లీ తోశాడు. గొట్టం పూర్తిగా పక్కకి పోయేసరికి చొక్కా తడిసిపోయింది. తర్వాత మూత. గోరు పెట్టి ఎత్తాలి, ఆ గోళ్ల కింద పుండ్లు ఇంకా మానలేదు. జారిపోయింది. మళ్లీ పెట్టాడు. తెరిచాడు. అప్పుడు దిండు కింద చెయ్యి పెట్టి ఒక జీడిపిక్క తీశాడు. తీసి, మూత మళ్లీ పడకుండా కీలు సందులో ఇరికించాడు. బొటనవేలితో అదిమాడు.

నేను లోపలికి పోయాను. దొరికిపోయినందుకు ఆయనకేం సిగ్గు లేదు. "ఏటి" అన్నాడు. ఆ ఏటి నాకు తెలుసు. పొద్దుపోయాక కూడా తోటలో నిలబడి ఉన్న కూలివాణ్ని చూసి అనేవాడు, ఏటి, ఇంకా ఎల్లలేదేటి, అని.

"నేనెల్లిపోతే నిన్నెవులు సూత్తారు మావా?" అన్నాను. "మాటిచ్చినాను కదా నీకు. మల్లన్న ముందు."

ఆయన నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, తన పడిపోయిన కుడి అరచేతిలో పెట్టాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది, అప్పుడు నేను మాటిచ్చిన చెయ్యి అదే. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఎడంచేత్తో నా చేతిని అందులోంచి పైకి తీశాడు. తీసి, వదిలేశాడు.

నేను ఏడ్చాను. పొగ కాదు.

ఏప్రిల్ 28

పంపాను.

సాబ్ వెంటనే ఫోన్ చేశారు. "శభాష్! ఎప్పుడొస్తున్నావ్?" హేమ స్కూలుకి సెలవులు ఇచ్చేశారు, జూన్ దాకా తను ఇంట్లోనే ఉంటుంది. తర్వాత క్వార్టరు చూసుకుని ఇద్దర్నీ తీసుకుపోవడమా, మావ ఈ ఇసుక వదిలి వస్తాడా, రాకపోతే ఏం చేయాలి, ఏదీ తేలలేదు. హేమ "అది అప్పుడు సూద్దాం, ముందు నువ్వు బేగి ఎల్లు" అంది. అని, లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

ఇన్నాళ్లూ టరెట్‌లో పైన కూర్చున్నది మావ అనుకున్నాను. ఆయన రోజూ తిప్పుతూనే ఉన్నాడు. తెచ్చి నా మూత మీద పెట్టుకున్నది నేనే.

మే 3

పలాసలో సాయంత్రం రైలుకి టికెట్టు దొరికింది. మోడల్‌ని గోనెలతో చుట్టి, పెట్టెలో పెట్టాను. జీడిపిక్క తీయలేదు.

పొద్దున్న హేమకి గడ్డం గీయడం నేర్పాను. నురగ ఎక్కువ వద్దు. ఎడమ పక్క మామూలే. కుడి చెంప మాత్రం జారిపోయి ఉంటుంది, ఇదిగో, ఇలా వేలితో పైకి లాగి పట్టుకోవాలి అని చూపించాను. తను పట్టుకుంది. ఎక్కడా తెగలేదు.

గీస్తున్నంతసేపూ మావ నా కళ్లలోకే చూశాడు. అటు చూడు మావా, హేమ గీస్తోంది, అన్నాను. చూడలేదు.